కూత మామయ్య

ఏంట్రా, వచ్చీ రాగానే కాగితాలు బయటికి తీశావు. పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోవు అవి. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి, ఇటు మంచం మీదకి రా. ఏమన్నావు? ఊరికి మంచి రోజులొచ్చాయా? ఎవరు చెప్పారు, మీ ఆఫీసు వాళ్ళా? చెప్పరూ మరి, వాళ్ళు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు. మొన్న మందుల షాపుకి వెళ్తే షట్టరు దించేసి ఉంది. ఏమయ్యాడయ్యా అంటే, మూసేసుకుని వెళ్ళిపోయాడన్నారు. పక్కన చెప్పులు కుట్టేవాడు లేడు, ఇస్త్రీ బండి లేదు. ఉన్నదల్లా మీ కంపెనీ బోర్డు ఒక్కటే, మేడంత ఎత్తున. దాని మీద ఒక మొగుడూ పెళ్ళాం, ఒక పిల్ల, ఒక కుక్క. అందరివీ తెల్లటి పళ్ళే. కుక్క కూడా నవ్వుతోంది, దానికేం తెలిసిందో పాపం. ఆ బోర్డు నీడలో జనం బిందెలు పట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడ్డారు. వెటకారం కాదురా, కళ్ళకి కనబడింది చెబుతున్నాను. ఆ వరసలో మీ ఆవిడ కూడా కనబడింది. కాదులే, వరసలో నిలబడలేదు, నడుచుకుంటూ ల్యాబుకి వెళ్తోంది, ఆ ఎండలో. స్కూటీ ఏదమ్మా అంటే, రిపేరుకిచ్చాం తాతయ్యా అంది. పాపం, మొహమంతా కందిపోయింది.

సంతకమే కదా, పెట్టనన్నానా. ఈ రెండు గదులూ, ఈ వరండా బ్యాంకులో పెట్టి, ఆ డబ్బు మీ కంపెనీకి కట్టి, ఇంకా లేవని మేడలో ఇంకా లేని ఇంట్లోకి నువ్వు కాపురానికి వెళ్తావు. అర్థమైందిలే, నాకున్నది చత్వారం, చెవుడు కాదు. అదెక్కడ కడుతున్నారన్నావు? పాత మిల్లు స్థలంలో. అక్కడే, మీ కుక్క నవ్వుతున్న చోటే, మా రోజుల్లో మిల్లు పొగగొట్టం ఉండేది. పొగగొట్టం కింద బాయిలరు గది. ఆ గదిలో మా మామయ్య. మా అమ్మకి తమ్ముడు. ఊరంతా ఆయన్ని కూత మామయ్య అనేవాళ్ళు. వరసతో పనిలేదు, ఆయనకంటే ముసలాళ్ళకి కూడా ఆయన మామయ్యే. నువ్వు పుట్టేనాటికి పోయి చాలా ఏళ్ళయింది, నీకు తెలీదు. మీ అమ్మకి కొంచెం గుర్తుండొచ్చు, ఆమెని కూడా అడుగు.

ఆయన చేసే పనేమిటయ్యా అంటే గొలుసు లాగడం. అంతే. బాయిలరు పైనుంచి ఒక గొలుసు వేలాడేది, చివర చెక్క పిడి. ఆ పిడి ఆయన చేతిలో అరిగి అరిగి నున్నగా గాజులా అయిపోయింది. గోడకో గడియారం. ముల్లు అక్కడికి రాగానే గొలుసు లాగుతాడు, మిల్లు కూత వేస్తుంది, ఊరు లేస్తుంది. ఊరు నిద్ర లేచేది ఆ కూతకి, పొయ్యి మీద అన్నం దించేది ఆ కూతకి, చంటిపిల్లలకి పాలు పట్టేది ఆ కూతకి. దాంతో మామయ్యకి ఏమైందంటే, సూర్యుడు కూడా తనని అడిగే పైకొస్తున్నాడని ఒక నమ్మకం వచ్చేసింది. నడక చూడాలి నువ్వు. ఖాకీ చొక్కా, పై జేబులో పెన్ను. ఆయనకి రాయడం రాదు, ఆ పెన్ను ఎందుకో నాకిప్పటికీ తెలీదు. రెండు చెవుల్లో దూది. ఆ కూత ఊళ్ళో అందరికీ వినపడేది, ఆయనకి తప్ప. తమాషాగా లేదూ? ఉండు, అసలు తమాషా ముందుంది.

సరే, మిల్లు మూతపడింది. మూతపడిందని వాళ్ళు అనలేదు. 'తాత్కాలికంగా ఆపివేయడమైనది' అని గేటుకి కాగితం అంటించారు. ఆ కాగితం ఎండకి పసుపుపచ్చబడింది, వానకి సగం ఊడింది, చివరికి మేక తినేసింది. మిల్లు మాత్రం తెరవలేదు. రావాల్సిన జీతాలు రాలేదు. నేను మగ్గాల షెడ్డులో పనిచేసేవాణ్ణి, అప్పుడే పెళ్ళయింది. మీ అమ్మమ్మ కాపురానికొచ్చేసరికి మా ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలిగేది. నాలుగు రోజులు చూసి, 'మీ ఇంట్లో రెండో పూట వండే అలవాటు లేదా అండీ' అని అడిగింది. నిజంగానే అడిగిందిరా, వెటకారానికి కాదు. నేనేం చెప్పను, లేదన్నాను. పక్కింట్లో నేత మేస్త్రీ ఉండేవాడు, మా షెడ్డుకంతటికీ పెద్ద. ముందు సైకిలు అమ్మాడు. తర్వాత చేతి గడియారం అమ్మాడు. అమ్మాక కూడా మణికట్టు చూసుకోవడం మానలేదు. టైమెంతయిందండీ అంటే ఖాళీ చెయ్యి చూసుకుని, 'దగ్గరపడింది' అనేవాడు. ఏం దగ్గరపడిందో ఆయనకే తెలియాలి.

మామయ్యని మాత్రం తీసెయ్యలేదు. కాపలాకి ఒక మనిషి కావాలి కదా, సగం జీతానికి ఉండమన్నారు. బాయిలరు గది వెనక రెండు గదుల క్వార్టరు, అందులోనే కాపురం. పిల్లల్లేరు వాళ్ళకి. మా అత్తయ్య మిషను కుట్టేది, ఆ సగం జీతం ఏ నెల వచ్చేదో ఏ నెల రాదో, ఇల్లు నడిచింది ఆ మిషను మీదే. నల్లటి మిషను, తొక్కేది. గోడవారగా ఉండేది, కిటికీ వెలుతురు సూది మీద పడేలా. ఇంట్లో ఏ సామానైనా తాకొచ్చు గానీ ఆ మిషను మీద చెయ్యి వేస్తే మాత్రం అత్తయ్య ఊరుకునేది కాదు. మాట కూడా సూదే ఆవిడది. ఇక మామయ్య సంగతి చెప్పాలంటే, కూత లేకపోయేసరికి మనిషి పిచ్చెక్కినట్టయిపోయాడు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి కుడిచెయ్యి పైకి లేపేవాడు, లాగడానికి. 'దించు, ఈగలేం లేవిక్కడ' అనేది అత్తయ్య.

అదిగో, అప్పుడు వచ్చాడు గొడుగాయన. ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలీదు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు, దాన్ని మాత్రం తెరవడు. ఆ గొడుగు మొనతో చూపిస్తాడు, 'ఇదిగో ఇక్కణ్ణుంచి, అదిగో అక్కడిదాకా' అని. మిల్లు చుట్టుపక్కల ఎండిపోయిన పొలాలు, గడ్డి కూడా మొలవనివి, కారుచౌకగా కొనేశాడు. ముక్కలు చేసి రాళ్ళు పాతి, రాళ్ళకి ఎర్ర రంగు వేసి అమ్మకానికి పెట్టాడు. పొరుగూళ్ళ నుంచి జనం వచ్చి చూసుకునేవాళ్ళు. అంతా బాగానే ఉందిగానీ, ప్రతివాడూ వెళ్ళేముందు ఒకటే అడిగేవాడట, 'మిల్లు నడుస్తోందాండీ?' అని. దానికి సమాధానం కోసం గొడుగాయన మా మామయ్య దగ్గరికి వచ్చాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను, అత్తయ్యకి బందు ఊడిపోయిన కిటికీ బిగిస్తున్నాను. గొడుగు గోడకి ఆనించి, చేతులు కట్టుకుని, గొంతులో తేనె పోసుకుని మొదలుపెట్టాడు. 'అన్నగారూ, ఈ ఊరిని ఇన్నేళ్ళు నిద్ర లేపింది ఎవరండీ? మీరు. ఇవాళ ఊరు పడుకుంటే బాధ ఎవరిదండీ? మీదే. మిల్లు తెరవడం మన చేతిలో లేదు, అది పెద్దవాళ్ళు చూసుకుంటారు, పై స్థాయిలో మాటలు జరుగుతున్నాయి. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. కూత.'

మామయ్య నోరెళ్ళబెట్టి విన్నాడు. చెవుల్లో దూది తీసేసి మరీ విన్నాడు. ఏదో నెలకింత అన్నాడులే గొడుగాయన, అదేమంత పెద్దది కాదు, మామయ్య దానికోసం ఒప్పుకోలేదు కూడా. ఆ గొలుసు మళ్ళీ పట్టుకోవచ్చు, అదీ ఆయనకి కావాల్సింది. అత్తయ్య మిషను ఆపి అడిగింది. 'లోపల మనిషి లేడు, మగ్గం తిరగదు, కూత ఎవరికయ్యా?' 'స్థలాలు కొనడానికి వచ్చేవాళ్ళకట.' 'అయితే వాళ్ళ చెవి దగ్గరికే వెళ్ళి ఊదు, ఊరినెందుకు లేపడం?' అంది. గొడుగాయన పగలబడి నవ్వాడు, అమ్మగారు భలే మాటకారి అని. అలాంటివాళ్ళు బాగా నవ్వుతారురా. నువ్వు తిట్టినా నవ్వుతారు.

మొదటిరోజు కూత నాకింకా చెవిలోనే ఉంది. తెల్లవారుతుండగా వేశాడు. మా వీధిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు వీధిలోకొచ్చి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. పొగగొట్టం లోంచి పొగ. పొగ చూశాక ఇంక ఎవరాగుతారు? నేత మేస్త్రీ పెట్టెలోంచి పాత చొక్కా తీసి, ముడతలతోనే తొడుక్కుని పరిగెత్తాడు. గొడుగాయన మాటలు చెవులారా విన్నవాణ్ణి, ఆ పొగ చూసి నేనూ వెళ్ళాను, ఎందుకు దాచాలి. మీ అమ్మమ్మ క్యారేజీ ఇచ్చింది చేతికి. అందులో పెట్టడానికి ఏమీ లేదు ఇంట్లో. ఖాళీ క్యారేజీ, ఊపితే గిన్నెలు గలగలమంటాయని మధ్యలో గుడ్డ కుక్కి, మూత బిగించి ఇచ్చింది. అందరం గేటు ముందు నిలబడ్డాం. చాలామంది చేతుల్లో క్యారేజీలున్నాయి, ఎవడి క్యారేజీ కూడా చప్పుడు చెయ్యలేదు. అప్పుడు మామయ్య బయటికొచ్చాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. గొడుగాయన నేర్పినట్టే, గొంతు సవరించుకుని, 'ట్రయలు జరుగుతోంది' అన్నాడు. అంతే, లోపలికెళ్ళిపోయాడు. ట్రయలంట. మేం ఆ మాట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాం. మర్నాడు మళ్ళీ కూత, మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ ట్రయలు. రోజూ అదే. పనిలేని మనుషులం, పనికి వెళ్ళి రావడం మాత్రం మళ్ళీ మొదలైంది.

ఇక ఊరికి పట్టిన జాతర చూడాలి. స్థలాల ధరలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మంగలి కత్తెర పక్కన పడేసి స్థలాల బేరగాడయ్యాడు. గెడ్డం సగం గీశాక 'ఒక్క నిమిషం' అని వెళ్ళిపోయేవాడు, ఒక చెంప నున్నగా, ఒక చెంప ముళ్ళగా జనం ఊళ్ళో తిరిగేవాళ్ళు. లెక్కల మాస్టారు బళ్ళో పిల్లలకి చెరువుల లెక్కలు మానేసి చదరపు గజాల లెక్కలు చెప్పాడు. ఒకే స్థలం పొద్దున మంగలి దగ్గర, మధ్యాహ్నం మాస్టారి దగ్గర, సాయంత్రానికి మళ్ళీ మంగలి దగ్గర. ఒకడికొకడు అమ్ముకుని ఇద్దరూ గొప్పవాళ్ళమైపోయామని చంకలు గుద్దుకున్నారు. ఆ స్థలం మటుకు ఎక్కడికీ పోలేదు, ఎండలో అలా పడి ఉంది, మీద గాడిద మేస్తోంది. కొత్త బట్టల దుకాణం తెరిచారు, దానికి అద్దాల తలుపు. ఫోటో స్టూడియో పెట్టారు. పట్నం నుంచి పేపరాయన వచ్చి, పొగగొట్టం ఫోటో తీసుకుని, 'లేచి నిలబడిన ఊరు' అని రాశాడు. ఆ పేపరు మా అరుగు మీద నేత మేస్త్రీ చదివి వినిపించాడు. బాగా చదువుతాడాయన, ఆగాల్సిన చోట ఆగుతూ. ముందు రోజు నుంచీ ఏమీ తినలేదు మనిషి. చదవడం అయిపోయాక లేవబోతే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. లేచి నిలబడిన ఊరు.

నవ్వకు. ఇంకోటి విను. ఇంటివాళ్ళు అద్దెలు పెంచారు. ఇదేమిటండీ అంటే, 'మిల్లు నడుస్తోందిగా' అన్నారు. కిరాణా కొట్టువాడు అరువు ఆపేశాడు. అంతకుముందు, మిల్లు మూసి ఉన్నప్పుడు, పాపం ఇచ్చేవాడురా. తక్కెడలో కొంచెం తగ్గించేవాడు గానీ ఇచ్చేవాడు. కూత మొదలయ్యాక, 'ఇంకా అరువేంటమ్మా, జీతాలొస్తున్నాయిగా' అన్నాడు మీ అమ్మమ్మతో. రాలేదయ్యా అంటే నమ్మడు. 'పొద్దున్నే వినపడింది కదమ్మా' అంటాడు. మూతపడిన మిల్లుతో ఒక పూటైనా తిన్నాం. నడుస్తున్న మిల్లుతో అదీ పోయింది. మీ అమ్మమ్మ వాళ్ళ పుట్టింటికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చింది. అక్కడికెళ్ళి, 'మా ఆయనకి మళ్ళీ పని వచ్చింది' అని చెప్పిందట. ఏం చెబుతుంది మరి, ఆ ఊరి పేపర్లో కూడా వచ్చింది కదా.

మామయ్య సంగతి వదిలేశానా. కూత వెయ్యాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి మంట కావాలి. గొడుగాయన మొదట్లో ఒక బండెడు బొగ్గు తోలించాడు, అంతే. అయిపోయిందండీ అంటే, 'ఉన్నదేదో వేసేద్దురూ అన్నగారూ, ఎలాగూ కొత్త యంత్రాలు వస్తున్నాయిగా' అన్నాడు. మామయ్య కర్ర కండెలు వేశాడు ముందు. దారం చుట్టే కండెలు, బుట్టలకొద్దీ ఉండేవి. నూనె పీల్చిన కర్ర, భగభగమని మండేవి, నల్లటి పొగ. ఆ పొగ చూసి జనం 'ఇవాళ జోరుగా నడుస్తున్నట్టుంది' అనుకునేవాళ్ళు. కండెలయ్యాయి. సామాను పెట్టెలు వేశాడు. ఆఫీసు బల్లలు వేశాడు, కుర్చీలు వేశాడు. మేం భోజనం చేసే బెంచీలు వేశాడు. తర్వాత మగ్గాలకున్న కర్ర భాగాలు ఒక్కొక్కటే ఊడబీకాడు. నేను నడిపిన మగ్గం కూడా పొయ్యిలోకే వెళ్ళింది, ఆ రోజు కూత విని నేను గేటు దగ్గరికి పరిగెత్తే ఉంటాను. మిల్లు నడుస్తోందని చెప్పడానికి మిల్లుని కాల్చాడు మా మామయ్య. నాకేం తెలుసురా అప్పుడు, గేటు ఎత్తు, లోపల ఏం జరుగుతోందో కనపడేది కాదు.

ఇంత చేసిన మనిషికి, లోపలేముందో తెలిసిన ఒకే ఒక్క మనిషికి, ఏమైందో చూడు. చెవుల్లో దూది పెట్టుకోవడం మానేశాడు. కూత వేసి, గొలుసు వదలకుండా నిలబడి, తన కూత తనే వినేవాడు. విని తల ఊపేవాడు. తర్వాత్తర్వాత, 'షెడ్డు వైపు నుంచి ఏదో చప్పుడు వస్తోందే' అనేవాడట. పావురాలని అత్తయ్య. 'పావురాలు అలా లయగా ఆడవే' అని మామయ్య. ఒకరోజు భోజనం దగ్గర ఆయనే అన్నాడట, 'ట్రయలు అయిపోవచ్చినట్టే.' ఎవరు చెప్పారు అని అత్తయ్య అంటే, 'ఎవరో చెప్పాలా, ఊరంతా అనుకుంటోంది' అన్నాడు. ఊరికి ఎవరు చెప్పారు? ఈయన. ఈయనకి ఎవరు చెప్పారు? ఊరు.

దాని తర్వాత గేటు ఎదురుగా ఒక మూల స్థలం మీద మనసు పడింది ఆయనకి. టీ కొట్టు పెడతాట్ట. మూడు షిఫ్టులు నడిస్తే గేటు ముందు టీ కొట్టుకి తిరుగుండదు కదా. అడ్వాన్సు కట్టాలి. చేతిలో ఏముంది? అత్తయ్య బావి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి మిషను లేదు. నెత్తిన పెట్టుకుని తనే మోసుకెళ్ళి, సంత దగ్గర అమ్మేసి, ఆ డబ్బు తిన్నగా గొడుగాయన చేతిలో పెట్టి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు, మొహం వెలిగిపోతోంది. ఇదంతా అత్తయ్య నాకు తర్వాత చెప్పింది, ఒక్కసారే చెప్పింది, మళ్ళీ చెప్పలేదు. 'నా మిషనేది?' అంది. చెప్పాడు. 'మిల్లుకి ఎవడొస్తాడని నీ టీ కొట్టు?' 'కూత వినపడటం లేదా నీకు?' అన్నాడు. 'వేసేది నువ్వే కదయ్యా' అంది. అప్పుడన్నాడట మా మామయ్య. విను ఇది. 'నేనే అనుకో. ఏమీ లేకుండానే నాతో ఊరికే వేయిస్తారా?'

గోడవారగా నేల మీద మిషను కాళ్ళ గుర్తులు నాలుగున్నాయి. అత్తయ్య వాటి మధ్య చాప వేసుకుని, కిటికీ వెలుతురులో చేత్తో కుట్టుకోవడం మొదలుపెట్టింది. చివరిదాకా చేత్తోనే కుట్టింది. వేళ్ళ చివర్లు చిల్లులు పడి నల్లగా అయిపోయాయి, ఏదైనా పట్టుకుంటే స్పర్శ తెలిసేది కాదు. వేడి గిన్నె ఒట్టి చేత్తో దించేది. చూసినవాళ్ళు అబ్బ అనేవాళ్ళు.

ఎలా బయటపడిందా? కర్ర అయిపోయింది, అలా బయటపడింది. అన్నీ వేసేశాక మామయ్య చుట్టూ చూశాడు, గేటు కనబడింది. ఇంత మందాన చెక్క గేటు, రెండు తలుపులు. కొత్త మిల్లుకి కొత్త గేటు వస్తుంది కదా అనుకుని ఒక తలుపు ఊడదీసి కొట్టేశాడు. ఇలాంటి తెలివి ఇంకెవరికైనా వస్తుందా చెప్పు. మర్నాడు కూత వేసింది, మేం క్యారేజీలతో వెళ్ళాం, గేటుకి ఒక తలుపు లేదు. లోపలికి చూశాం. బండలు పగిలి గడ్డి మొలిచింది. షెడ్డుకి తలుపుల్లేవు, మగ్గాలు ఇనప బొమికల్లా పడి ఉన్నాయి. మధ్యలో ఒక పిల్లి నిమ్మళంగా ఒళ్ళు నాక్కుంటోంది. మామయ్య ఖాకీ చొక్కాతో బయటికొచ్చాడు, ఒక చేతిలో గొడ్డలి, అలవాటు చొప్పున, 'ట్రయలు' అన్నాడు. ఎవరూ కొట్టలేదు ఆయన్ని. తిట్టలేదు కూడా. నేత మేస్త్రీ ఖాళీ మణికట్టు చూసుకుని, 'టైమైంది, పదండి' అన్నాడు. వచ్చేశాం.

గొడుగాయన ఆ సాయంత్రానికే బిచాణా ఎత్తేశాడు. ఎంత కంగారులో పోయినా గొడుగు మాత్రం మర్చిపోలేదు. అద్దాల తలుపు దుకాణం వాడు అద్దం కూడా విప్పుకుని పోయాడు. మంగలి మళ్ళీ కత్తెర పట్టాడు, ఆ స్థలం చివరికి ఆయన చేతిలోనే ఆగిపోయింది కాబట్టి మాస్టారి గెడ్డం మాత్రం గీయనన్నాడు. ఎర్ర రాళ్ళు చాలా ఏళ్ళు అలాగే ఉండేవి, పశువులు వీపు గోక్కునేవి. అయితే మర్నాడు తెల్లవారుతుండగా మళ్ళీ కూత వినపడింది. నిజం. కూతంటే కూత కాదు, ముసలాడు ఈల వేసినట్టు సన్నగా. ఏమిటా అంటే, మామయ్య తన మంచం పట్టెలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, 'ఇంకా ఎందుకయ్యా?' అంటే, 'పాపం, జనం కొనుక్కున్నారు కదే. కూత లేకపోతే వాళ్ళ స్థలాలేమైపోతాయి' అన్నాడట. మా వీధిలో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. తెరిచి ఉన్న ఒకటి రెండు కూడా వేసేసుకున్నారు.

తర్వాత చాన్నాళ్ళే బతికాడు. చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ గొలుసు పిడి ఒక్కటీ ఊడదీసి తెచ్చుకున్నాడు, దిండు కింద పెట్టుకునేవాడు. పోయేముందు నేను చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'ఇంకొన్నాళ్ళు మోగి ఉంటే నిజంగానే తెరిచేవాళ్ళురా' అన్నాడు. పోయే మనిషి, అవునులే అనొచ్చు కదా. అనలేదు నేను. అత్తయ్య పక్కనే కూర్చుని ఎవరి చొక్కాకో గుండీ కుడుతోంది, ఆవిడ వేళ్ళే చూస్తూ కూర్చున్నాను. నాకు గొడుగాయన మీద కోపం లేదురా. వాడు దొంగ, వాడి పని వాడు చేసుకుపోయాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది మామయ్య మీదే. గొలుసు ఆయన చేతిలోనే ఉంది కదరా. ఊళ్ళో అందరికీ దూరం నుంచి వినపడింది, మోసపోయాం. ఈయన చేత్తో లాగి మరీ మోసపోయాడు. పోతే పోయాడు, ఆ మిషను ఎత్తుకెళ్ళే హక్కు ఎవరిచ్చారు?

ఏమన్నావు? ఇప్పుడు కాలం వేరా? ఈసారి నిజంగానే వస్తున్నాయా కంపెనీలన్నీ? గొడుగాయన కూడా అదే అన్నాడు, ఈసారి వేరండీ అని. అప్పటికి ముందోసారి ఏం జరిగిందో మరి, నేను పుట్టలేదు. జరిగిందే మళ్ళీ జరుగుతుందా తాతయ్యా అని అడుగుతావేంటి, దానంతటది ఎలా జరుగుతుందిరా, దానికేమైనా కాళ్ళున్నాయా? ఎవడో ఒకడు పొద్దున్నే లేచి గొలుసు లాగాలి. మీ ఆఫీసులో జీతాలు రెండు నెలల నుంచి ఆలస్యమని మీ అమ్మ చెప్పింది. జీతం ఇవ్వలేని కంపెనీ ఇల్లిస్తుందా? ఏంటీ? 'ఏమీ లేకుండా అంత పెద్ద బోర్డు ఊరికే పెడతారా' అంటావా? అన్నావూ. నువ్వూ అన్నావు. సరే.

మోగుతోంది చూడు నీ ఫోను. తియ్యి, పర్వాలేదు, పని కదా. తియ్యరా...

...అయిందా? ఎవరో కొనేవాళ్ళా? గొంతు భలే మార్చావు, నువ్వేనా అనుకున్నాను. 'రెండే మిగిలాయి సార్, సాయంత్రానికి అవి కూడా ఉండవు' అన్నావు కదూ. అవేనా ఆ రెండూ? పోయిన నెల మీ అమ్మకి చెప్పినప్పుడు కూడా రెండే మిగిలాయన్నావు. నువ్వొకటి తీసుకున్నాక ఒకటే మిగలాలి కదరా, నాకు తెలిసిన లెక్క ప్రకారం. ఒరేయ్, ఇటు చూడు. అటు కాదు, నా వైపు. అమ్మాయి స్కూటీ రిపేరుకే ఇచ్చారా?

...

సరే. ఆ కాగితాలు సంచిలో పెట్టుకో. కలం కూడా. లే, లేచి ఆ కిటికీ రెక్క వెయ్యి, మీ మేడ దగ్గర నుంచి ఒకటే దుమ్ము.